గులాబీ రంగు క్రేను

బొమ్మల కంపెనీలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ వాపసమ్మ అనే పిలుస్తారు. కొన్న బొమ్మ నచ్చకో, పాడయ్యో జనం తెచ్చి తిరిగి ఇచ్చేస్తే పుచ్చుకునే గది ఆవిడది. అది వాపసు గది, కాబట్టి ఆవిడ వాపసమ్మ. మొదట్లో ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. పై అంతస్తులో కూర్చునేవాళ్ళ బిరుదులు ఒక్కొక్కటే చెవిన పడ్డాక మాత్రం తన పేరే నయమనిపించింది. తన పేరు చెబితే తను చేసే పనేమిటో తెలుస్తుంది. వాళ్ళ బిరుదు మొత్తం చదివినా వాళ్ళేం చేస్తారో తెలియదు.

గది గోదాము వెనకాల ఉంటుంది. ఒక పొడుగాటి బల్ల, దాని మీద మిణుకుమిణుకుమనే ట్యూబులైటు, వీధివైపు ఒక కిటికీ, ఆ కిటికీ అవతల మూతి ముడుచుకుని నిలబడే జనం. ఇవతల గోడకు రెండు అరలు. పైదాంట్లో బాగున్నవి పెట్టాలి, కిందిదాంట్లో చెడిపోయినవి. ఎందుకూ పనికిరానివి మూలనున్న తొట్టిలో పడేయాలి. బొమ్మ చేతికి రాగానే వాపసమ్మ "ఏం పాడైంది?" అని అడగాలి, తెచ్చినవాళ్ళు జవాబు చెప్పాలి. చెప్పకపోతే పుచ్చుకోకూడదు. ఇది కంపెనీ పెట్టిన కట్టుబాటు. జవాబు విన్నాక ఆవిడ పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. ఇది మాత్రం ఎవరూ నేర్పింది కాదు, సొంత అలవాటు. పిల్లలు ఆడిన బొమ్మయితే లోపల ఏదో ఒకటి వదులై గలగలమంటుంది. ఆడనిదైతే కిక్కురుమనదు.

ఆ కిటికీ దగ్గర జనం చెప్పే జవాబుల్లో సగం కల్లబొల్లి కబుర్లే. "మా బాబు అసలు ముట్టుకోనే లేదండీ" అని ఒక తండ్రి నమ్మబలుకుతుంటే పెట్టెలోంచి పళ్ళగాట్లు పడిన చక్రం బయటికొచ్చేది. "మా పాప రోజూ దీంతోనే ఆడుకునేది, ఈమధ్యే పాడైంది" అని ఒక తల్లి అంటుంటే పెట్టెకు కంపెనీ వేసిన టేపు వేసినట్టే ఉండేది. వాపసమ్మ ఎవరినీ ఏమీ అనేది కాదు. తల ఊపి, పుచ్చుకుని, వాళ్ళు వీధి మలుపు తిరిగాక హాయిగా నవ్వుకునేది. ఆవిడకు మనుషుల మీద గౌరవం కాస్త కాస్తగా తగ్గిపోయింది ఆ గదిలోనే.

ఆ కంపెనీ ఇంజనీరు పెట్టెలని రెండు రకాలు తయారుచేసేది. నీలం పెట్టె మగపిల్లలకు, గులాబీ రంగు పెట్టె ఆడపిల్లలకు. నీలం పెట్టెలో క్రేను కట్టుకోవడానికి కావలసినవన్నీ విడివిడిగా ఉండేవి. పళ్ళ చక్రాలు, వాటిలో దూర్చే ఇరుసులు, దారం, కొక్కెం, గుప్పెడు మరలు, చిన్న స్క్రూడ్రైవరు. గులాబీ పెట్టెలో కూడా మొదట ఇవే పెట్టారు. రంగు మార్చి, చక్రాల మీద పువ్వులు అంటించి, ఇక దేశంలో ఆడపిల్లలందరూ రేపోమాపో ఇంజనీర్లయిపోతారని సంబరపడ్డారు. ఆ పెట్టెలు తిరిగొచ్చాయి.

ఎందుకొచ్చాయని పై అంతస్తులో తలలు బద్దలు కొట్టుకున్నారు. కిటికీ దగ్గర ఒక పూట నిలబడితే ఎవరికైనా తెలిసేది. పుట్టినరోజుకు ఆ పెట్టెతో పాటు ఒక బొమ్మ వంటగది కూడా కొంటారు. "ముందు దీంతో ఆడుకో తల్లీ, అది నాన్న ఖాళీ చూసుకుని చేసిపెడతారు" అంటారు. నాన్నకు ఖాళీ దొరకదు. దొరికిన నాన్న తనే కూర్చుని చేసేసి, "ముట్టుకోకు, ఊడిపోతుంది" అని బీరువా మీద పెడతాడు. పై అంతస్తుకు కిటికీలు లేవా అంటే ఉన్నాయి. వాటికి మంచి తెరలు కూడా ఉన్నాయి.

చివరికి వాళ్ళు తేల్చిందేమిటంటే, ఆడపిల్లలకు కష్టంగా ఉందని. మరలు తగ్గించారు. అయినా పెట్టెలు తిరిగొచ్చాయి. స్క్రూడ్రైవరు గుచ్చుకుంటుందని తీసేశారు. మగపిల్లల వేళ్ళు ఇనుముతో పోతపోశారు కాబోలు, వాళ్ళ పెట్టెలో ఉంచేశారు. అయినా తిరిగొచ్చాయి. ఇక లాభం లేదని క్రేనంతా కంపెనీలోనే జిగురుతో అతికించేసి, తగిలించడానికి కొక్కెం ఒక్కటి పిల్లకు వదిలారు. పెట్టె మీద మాత్రం "నేనే ఇంజనీరు" అని తళతళలాడే అక్షరాలు వేశారు. లోపల మరలు తగ్గేకొద్దీ పైన అక్షరాలు లావెక్కడం వాపసమ్మ చూస్తూనే ఉంది.

నెలనెలా పై అంతస్తులో సమావేశం జరిగేది. వాపసు గది లెక్క చెప్పడానికి ఆవిడ కూడా వెళ్ళి మూలనున్న కుర్చీలో కూర్చునేది. నీలం పెట్టెలు వచ్చినవి వచ్చినట్టు చెడిపోయిన అరలోకే పోయేవి. చక్రం విరిగో, దారం తెగో, మరలు కనపడకుండా పోయో ఉండేవి. గులాబీ పెట్టెలన్నీ చెక్కుచెదరకుండా బాగున్న అరలో కూర్చునేవి. కంపెనీ నడిపే పెద్దసారు ఆ లెక్క విని పొంగిపోయాడు.

"చూశారా, ఒక్కటంటే ఒక్కటి విరగలేదు! ఆడపిల్లల బొమ్మ మనం ఎంత బాగా చేస్తున్నామో ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు.

ప్రకటనల పని చూసే ఆవిడ, అందరూ ప్రచారం మేడమ్ అంటారు, ముందుగా చప్పట్లు కొట్టింది. తర్వాత మిగతావాళ్ళు కొట్టారు. వాపసమ్మ కూడా కొట్టింది.

ఆడుకోని బొమ్మ ఎలా విరుగుతుంది? ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. భయపడి కాదు. చెబితే వీళ్ళకు బుద్ధొచ్చి సర్దుకుంటారేమో. సర్దుకుంటే ఇక తను నవ్వుకోవడానికి ఏం మిగులుతుంది? పాడుబుద్ధే, కాదనడానికి లేదు. కానీ ఏళ్ళ తరబడి ఆ గదిలో మగ్గిన మనిషికి పైవాళ్ళ తెలివితక్కువతనం ఒక కాలక్షేపం. వాళ్ళు పప్పులో కాలేసిన రోజు ఆవిడకు టీ మరింత రుచిగా ఉండేది.

ఆవిడకు ఒక మనవరాలుంది, కూతురి కూతురు. ఆ పిల్లకు ఇంట్లో గిలక అని పేరు. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడదు, ఎండిన గిలకలా కీచుకీచుమంటూనే ఉంటుంది. కూతురు ఆసుపత్రిలో నర్సు. బడికి సెలవున్న రోజు డ్యూటీ పడితే పిల్లను తెచ్చి వాపసు గదిలో దింపేది.

"కాస్త చూసుకో అమ్మా. ఫ్యాను జోలికి మాత్రం పోనివ్వకు. ఇంట్లోది ఇప్పటికే విప్పి కూర్చుంది" అనేది.

"నీ కూతురు ఫ్యానుతో ఆపితే నా అదృష్టమే" అనేది వాపసమ్మ.

గిలక బల్ల కింద తొట్టి పక్కన మకాం పెట్టేది. నీలం పెట్టెల్లోంచి వచ్చిన విరిగిన చక్రాలు, వంగిన ఇరుసులు, పొట్టి పిడి స్క్రూడ్రైవరు, అన్నీ ఆ తొట్టిలోవే. వాటితో అది ఒక క్రేను కట్టింది. ఎటువైపు నుంచి చూసినా వంకరే. ఒక చక్రం ఎరుపు, ఒకటి పసుపు, ఒకదానికి పళ్ళే లేవు. ఆ క్రేను వాపసమ్మ కళ్ళజోడు పెట్టెను బల్ల అంచుదాకా ఎత్తి, అక్కడ కాసేపు ఆలోచించి, దబ్బుమని కింద పడేసేది.

"ఒసేయ్, నా కళ్ళజోడు పగిలితే మీ అమ్మ కొనిస్తుందనుకున్నావా?" అని కేకలేసి వాపసమ్మ కళ్ళజోడు తీసుకుని ఖాళీ పెట్టె ఇచ్చేది.

"ఆగు అమ్మమ్మా, ఎందుకు పడిందో చూడనీ. దారం జారుతోందా, చక్రం జారుతోందా? చక్రమే. కాదు, దారమే. అబ్బ, రెండూ!"

మళ్ళీ మొత్తం విప్పేసేది. ఎత్తినప్పుడు అంత సంతోషపడేది కాదు గానీ పడిపోయినప్పుడు దాని కళ్ళు వెలిగేవి. పడితే విప్పొచ్చు కదా. వాపసమ్మ పైకి విసుక్కునేది గానీ, ఆ గదిలో మనసారా చూడదగ్గ మనిషి అంటూ ఉంటే అది ఆ పిల్లే అని ఆవిడకు తెలుసు. లోకమంతటి మీదా ఉన్న చిన్నచూపు ఆ బల్ల కిందికి మాత్రం దిగేది కాదు.

ఇలా ఉండగా ఒకరోజు ప్రచారం మేడమ్ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వాపసు గదిలో అడుగుపెట్టింది.

"కొత్త గులాబీ క్రేనుకు పెద్ద సభ పెడుతున్నాం. స్టేజీ మీద ఒక ఆడపిల్ల దాన్ని తయారు చేసి చూపించాలి. చురుకైన పిల్ల ఎవరైనా మీకు తెలుసా? పెట్టె మీద కూడా ఆ పిల్ల ఫొటోనే వేస్తాం."

చిత్రమేమిటంటే, పెట్టె మీద ఫొటో అనగానే వాపసమ్మకు ఇన్నేళ్ళ వెటకారం ఎటు ఎగిరిపోయిందో తెలియలేదు. దుకాణాల నిండా మనవరాలి మొహం! పక్కింటావిడ తన మనవడి పతకాలు చూపించి గొప్పలు పోతుంటుంది, ఇక దాని నోరు పడిపోదూ!

"మా మనవరాలుంది మేడమ్" అనేసింది, ఊపిరి కూడా తీసుకోకుండా.

ఇంటికెళ్ళి చెబితే గిలక ఎగిరి గంతేసింది. "స్టేజీ మీద క్రేను మొత్తం నేనే కట్టాలా అమ్మమ్మా?"

"నువ్వు కాకపోతే మీ తాత వచ్చి కడతాడా?"

ఆ క్రేనులో కట్టడానికేమీ లేదని, అంతా జిగురేనని ఆవిడకు తెలుసు. తెలిసే అంది. చిన్నపిల్ల, చప్పట్లు వినపడ్డాక అన్నీ మరిచిపోతుందిలే అనుకుంది. గిలక ఆ మాట పట్టుకుని సభ రోజు దాకా నిద్రలో కూడా దారానికి ముడులు వేసింది. తన వంకర క్రేనును కట్టడం, విప్పడం, త్వరగా కట్టడం, కళ్ళు మూసుకుని కట్టడం. స్టేజీ మీద అది పడిపోతే జనానికి ఎందుకు పడిందో ఎలా చెప్పాలో కూడా సాధన చేసింది.

సభ పెద్ద దుకాణాల భవనం కింది హాల్లో. గిలకకు తెల్లకోటు తొడిగారు. కళ్ళజోడు పెడితే సైన్సు పిల్లలా కనపడుతుందని ఒకటి పెట్టారు. గిలక అందులోంచి వేలు దూర్చి, "దీనికి అద్దాలు లేవు" అంది.

"అద్దాలుంటే ఫొటోలో మెరుస్తాయి పాపా" అంది ప్రచారం మేడమ్.

బల్ల మీద గులాబీ క్రేను నిలబెట్టి ఉంది. పక్కనే కొక్కెం. గిలక జేబులోంచి తన పొట్టి స్క్రూడ్రైవరు తీసింది. క్రేనును అటు తిప్పింది, ఇటు తిప్పింది, తలకిందులు చేసి అడుగున చూసింది. ఎక్కడా మర లేదు. మొదటి వరసలో కూర్చున్న అమ్మమ్మ వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది ప్రశ్నే, ఇంకా నమ్మకం పోలేదు. వాపసమ్మ అక్కడి నుంచే చేత్తో సైగ చేసింది, తగిలించు, తగిలించు, నవ్వు అని. గిలక కొక్కెం తగిలించింది. నవ్వింది. కెమెరాలు మెరిశాయి.

"చూశారుగా! ఈ చిట్టి ఇంజనీరు ఒంటిచేత్తో క్రేను తయారు చేసేసింది!" అంది ప్రచారం మేడమ్ మైకులో.

"నేను చేయలేదు" అంది గిలక. మైకు దగ్గరే ఉంది కాబట్టి హాలంతటికీ వినపడింది.

జనం ముచ్చటపడి ఘొల్లున నవ్వారు. "ఈ వయసులో ఎంత వినయమో చూడండి" అన్నాడు పెద్దసారు, పక్కనున్న పెద్దమనిషితో. చప్పట్లు రెట్టింపయ్యాయి. గిలక మరోసారి నోరు తెరిచి, మూసేసింది. ఆ క్రేనునే అట్టపెట్టెలో పెట్టి బహుమతిగా దాని చేతిలో పెట్టారు.

ఆ తర్వాత సెలవు రోజున పిల్ల వాపసు గదికొచ్చింది గానీ బల్ల కింద దూరలేదు. కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుతూ గోడ చూసింది. వాపసమ్మ తొట్టిలోంచి మంచి చక్రాలు ఏరి ముందర పోసింది. ముట్టుకోలేదు. కొత్తగా వచ్చిన విరిగిన నీలం పెట్టె ఏకంగా ఒళ్ళో పెట్టింది. పక్కన పెట్టేసింది.

"ఏమైందే నీకు? ఆ వంకర క్రేను కట్టవా?"

"ఎందుకు? కట్టినా కట్టకపోయినా చప్పట్లు కొడతారుగా" అంది గిలక.

ఆ మాటలో కోపం లేదు. పై అంతస్తు వాళ్ళను చూసి తను నవ్వుకునే నవ్వు ఎలాంటిదో అచ్చం అలాంటి నవ్వు ఆ చిన్న మూతి మీద కనపడింది వాపసమ్మకు. ఈ లోకాన్ని తేలిగ్గా తీసిపారేయడం తనకు ఇన్నేళ్ళు పట్టి అబ్బిన విద్య. పిల్ల ఒక్క సభలో నేర్చేసుకుంది. నేర్పింది ప్రచారం మేడమ్ అనుకోవడానికి వాపసమ్మకు మనసొప్పలేదు. సైగ చేసిన చెయ్యి తనది.

ఇంటి దగ్గర కూడా గిలక నోరు మూతపడింది. ఫ్యాను తిరుగుతూ ఉంది, గడియారం ఆడుతూ ఉంది, ఏదీ ఊడటం లేదు. "హమ్మయ్య, పిల్లకు బుద్ధొచ్చింది" అంది కూతురు. వాపసమ్మకు ఆ రోజు అన్నం సహించలేదు.

ఈలోపు కొత్త గులాబీ పెట్టెలు బజారుకెళ్ళి, ఎప్పటిలాగే తిరిగి రావడం మొదలైంది. ప్రతి పెట్టె మీదా గిలకే, అద్దాలు లేని కళ్ళజోడు పెట్టుకుని నవ్వుతూ. వాపసమ్మ ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. కిక్కురుమనేది కాదు. కట్టుబాటు ప్రకారం బాగున్న అరలో పెట్టేది. కొన్నాళ్ళకు ఆ అరంతా మనవరాలి మొహాలతో నిండిపోయింది. పక్కింటావిడను పిలిచి చూపించాలనే కోరిక ఎప్పుడో చచ్చింది. తల ఎత్తి ఆ అర వైపు చూడటమే మానేసింది.

ఒకరోజు కిటికీ అవతల బల్ల ఎత్తు కూడా అందని తలకాయ ఒకటి కనపడింది. గిలక. చంకలో ఆ బహుమతి పెట్టె.

"ఇదేమిటే, తలుపుండగా అటునుంచి వచ్చావు?"

"వాపసు ఇవ్వడానికొచ్చాను" అంది గిలక, బిగుసుకుని.

వాపసమ్మ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఏం పాడైంది?"

"ఊడి రావట్లేదు."

వాపసమ్మ అలవాటుగా పెట్టె అందుకుని చెవి దగ్గర ఊపింది.

"నిజం అమ్మమ్మా. చెంచాతో తిప్పాను, తలుపు సందులో పెట్టి నొక్కాను, వేడినీళ్ళలో ముంచాను. దేనికీ ఊడట్లేదు. బాగున్నదైతే ఊడాలి కదా?"

ఆ కిటికీ దగ్గర ఆవిడ విన్న జవాబుల్లో నిఖార్సైనది అదొక్కటే. అయితే ఈసారి నవ్వు రాలేదు. వేడినీళ్ళు, తలుపు సందు, చెంచా! నోరు మూసుకుని గోడ చూస్తూ కూర్చున్న పిల్ల ఇంట్లో చాటుగా ఇన్ని చేసిందన్నమాట. వాపసమ్మ గబగబా వెళ్ళి తలుపు తీసి పిల్లను లోపలికి లాక్కుంది. ఇరుక్కుపోయిన బ్యాటరీ మూతలు కోయడానికి ఉంచుకున్న చిన్న రంపం తీసి దాని చేతిలో పెట్టి, క్రేనును తను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"కొయ్యి. విరిగితే విరగనీ."

బల్లంతా గులాబీ రంగు పొట్టు రాలింది. క్రేను రెండు ముక్కలైంది. గిలక లోపలికి తొంగి చూసి కెవ్వున అరిచింది.

"చక్రాలు సగమే ఉన్నాయి అమ్మమ్మా! బయటికి కనపడే వైపే పెట్టి, లోపల ఖాళీగా వదిలేశారు! ఇరుసే లేదు! ఇరుసు లేకుండా చక్రం దేని మీద తిరుగుతుందనుకున్నారు వీళ్ళు? బుర్రలేదా? ఆ పసుపు చక్రం ఎక్కడుంది, ఇలా ఇవ్వు. ఇక్కడ చిల్లు పెడితే సరిపోతుంది. నువ్వు వదిలేస్తున్నావు, గట్టిగా పట్టుకో!"

మనవరాలు తిడుతుంటే వాపసమ్మకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం దాకా ఆ కీచుకీచు ఆగలేదు. ఆగకపోతే ఇంత హాయిగా ఉంటుందని ఆవిడకు ఇంతకుముందు తెలియదు. పిల్లను ఇంటికి పంపాక నిచ్చెన వేసుకుని, బాగున్న అరలోని గులాబీ పెట్టెలన్నిటినీ దించి చెడిపోయిన అరలోకి మార్చేసింది.

సమావేశంలో ఆ లెక్క విని పెద్దసారు అదిరిపడ్డాడు. "అన్నీ చెడిపోయాయా? ఏం పాడైంది?"

"ఊడి రావట్లేదండీ" అంది వాపసమ్మ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ప్రచారం మేడమ్ మొహం వెలిగింది. "అంటే అంత గట్టిగా ఉన్నాయన్నమాట!"

"కాదు మేడమ్. పిల్లలు ఆడుకోవట్లేదు. ఆడుకోవడానికి అందులో ఏమీ లేదు. నాకు మొదటినుంచీ తెలుసు, చెప్పలేదు. మరలు మళ్ళీ పెట్టండి. స్క్రూడ్రైవరు పెట్టండి. విరగ్గొట్టుకోనివ్వండి."

"మీ సూచన పరిశీలిస్తాం" అన్నాడు పెద్దసారు. ఆ మాటకు అర్థమేమిటో కంపెనీలో కాపలావాడికి కూడా తెలుసు. వారం తిరక్కుండానే పై అంతస్తు పరిశీలన ముగిసి ఆజ్ఞ కిందికి దిగింది. గులాబీ పెట్టెలు పెద్ద ఎత్తున చెడిపోతున్నట్టు లెక్కలు చెబుతున్నాయి కాబట్టి, ఆడపిల్లలు బొమ్మలను మోటుగా వాడుతున్నట్టు తేలింది కాబట్టి, ఇకమీదట ఇంతకంటే గట్టి జిగురు వాడాలి.

ఆ రోజు బడికి సెలవు. వాపసమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితాన్ని గట్టిగా చదివింది. చదువుతుంటే గొంతులో వెనకటి నవ్వు కదలబోయింది గానీ, ఎందుకో రుచించలేదు. కాగితం మడిచి బల్ల కిందికి వంగి చూసింది. అక్కడ గిలక చుట్టూ తన ఫొటో ఉన్న పెట్టెలు నాలుగైదు చిరిగి పడున్నాయి. ఒళ్ళంతా గులాబీ పొట్టు. చిన్న రంపం పళ్ళు అరిగిపోయి గీరుతోంది.

"విన్నావుటే? ఇంకా గట్టిగా అతికిస్తారట."

గిలక తల ఎత్తలేదు.

"అయితే పెద్ద రంపం తే" అంది.